గట్టు మీద గంధం: మా శ్రీగంధం ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్

గింజలు చేతికొచ్చాయి. బెంగళూరు దగ్గర హోస్కోటె అవతల, మేమంతా తాత అని పిలుచుకునే రైతు పొలంలో తూర్పు గట్టు వెంబడి పాత ముళ్లకంచె ఒకటి ఉంది. ఆ కంచెలో శ్రీగంధం చెట్లు ఎవరూ నాటకుండానే పెరిగాయి. చాలావరకు మనిషి ఎత్తువి, రెండు మూడు మాత్రం బాగా పెద్దవి. వాటి కింద రాలిన పండ్లు ఏరి తెచ్చాం. పండు బఠాణీ కంటే కాస్త పెద్దది, పూర్తిగా పండితే నల్లటి ఊదా రంగుకు తిరుగుతుంది. పైభాగాన గుండ్రంగా ఒక వలయం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూశాక దీన్ని వేరే పండుగా ఎవరూ పొరబడరు. నీళ్లలో పిసికి గుజ్జంతా పోయేదాకా కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టాం. ఎండలో పెట్టకూడదు.

ఈ చెట్టు ఏడాదికి రెండుసార్లు కాస్తుంది. ఒక కాపు వేసవి మొదట్లో, రెండోది సెప్టెంబరు, అక్టోబరుల్లో. తాజా గింజ వెంటనే మొలవదు, దాదాపు రెండు నెలలు నిద్రలో ఉంటుంది. అందుకని మే చివరిదాకా ఆగాలి.

పని ఏమిటో రాసి పెట్టుకుంటున్నాను. బెంగళూరు రామ్మూర్తినగర్‌లో మా వీధిలోని తెలుగు కుటుంబాలు కొన్ని కలిశాం. మా ఇంటి వెనుక ఖాళీ జాగా నారుమడి అవుతుంది. మొక్కలు తాత గట్టు మీదికే తిరిగి వెళ్తాయి. నర్సరీల్లో గంధం మొక్కలు కావలసినన్ని దొరుకుతాయి. అవి ఏ ఊరి చెట్టు గింజలో చెప్పగలిగేవారు మాత్రం అరుదు. మాకు ఈ నేలలో, ఈ వానతో బతికి నిలిచిన చెట్ల సంతతే కావాలి.

అదే నెల, చివర

గింజలు ఆరుతుండగా చదివినవి కొన్ని. శ్రీగంధం శాస్త్రీయ నామం శాంటాలమ్ ఆల్బమ్. ఇది ఇండోనేషియా వైపున్న తిమోర్ దీవి నుంచి ఇక్కడికి వచ్చిందని కొందరు, ఇక్కడిదేనని ఇంకొందరు వాదిస్తారు. ఎలా చూసినా దక్షిణాది పొడి ఆకురాల్చే అడవుల్లో వేల ఏళ్లుగా సొంతంగా పెరుగుతోంది. సముద్రమట్టానికి 600 నుంచి 1050 మీటర్ల ఎత్తు, ఓ మోస్తరు వాన, నీరు నిలవని ఎర్రనేల ఉంటే దానికి హాయి. బెంగళూరు దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మనం నడుస్తున్న నేల దాని సొంత నేలే. దేశంలో సహజంగా పెరిగే గంధంలో తొంభై శాతం కర్ణాటక, తమిళనాడుల్లోనే ఉంటుందని లెక్క. మన చిత్తూరు వైపు కొంత ఉంది. కేరళలో మరయూరు అడవి గంధానికి పేరుపడింది. కర్ణాటకకు ఇది రాష్ట్ర వృక్షం.

అయినా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఇది ‘వల్నరబుల్’ వర్గంలో ఉంది. అంటే అడవిలో అంతరించే ముప్పు ఉన్న జాతి. 1950లలో దేశంలో ఏటా సుమారు 4000 టన్నుల గంధపు చేవ, అంటే మాను నడుమ ఉండే గట్టి కలప, వచ్చేదట. 2000 తర్వాత అది కొన్ని వందల టన్నులకు పడిపోయింది. నరికేవాడు ఎప్పుడూ పెద్ద చెట్టునే, చేవ బాగా పట్టిన చెట్టునే వెతుక్కుంటాడు. అలా మంచి విత్తనమిచ్చే తల్లిచెట్లే ముందు పోయాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సంగతి ఇదే.

తాతను అడిగితే ఇంకో కారణం చెప్పారు.

“మా నాన్న కాలంలో పొలంలో గంధం మొలిస్తే గుట్టుచప్పుడు కాకుండా పీకేసేవాళ్లమ్మా. చెట్టేమో సర్కారుది, కాపలా మనది. ఎవడో రాత్రిపూట కొట్టుకుపోతే సంజాయిషీ మనం ఇచ్చుకోవాలి.”

“మరి ఈ కంచెలోవి ఎలా మిగిలాయి తాతా?”

“ముళ్లలో ఉన్నాయి కదా, ఎవరికీ కనబడలేదు.”

1792లో టిప్పు సుల్తాన్ గంధాన్ని రాచ వృక్షంగా ప్రకటించాడు. ఆ తర్వాత మైసూరు రాజ్యం, ప్రభుత్వాలు అదే పద్ధతి కొనసాగించాయి. కర్ణాటకలో 2001 చట్టసవరణతో గానీ తన భూమిలోని గంధం చెట్టు మీద రైతుకు హక్కు రాలేదు. ఇప్పటికీ నరకాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అది ఉండవలసిందే. కానీ చెట్టును కాపాడటానికి పెట్టిన కట్టుబాటు రెండు శతాబ్దాలు రైతు చేతే మొలకల్ని పీకించింది. తాత నాన్నగారిలా ఎన్ని ఊళ్లలో ఎందరు పీకి ఉంటారో!

మే, చివరి వారం

గింజలు వేశాం. గింజ నిద్ర వదిలి మొలకెత్తడానికి గిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోను ద్రావణంలో రాత్రంతా నానబెట్టాం. లీటరు నీటికి అర గ్రాము, అంటే 500 పీపీఎం. ఆ పొడి నేరుగా నీటిలో కరగదు. ముందు కొద్దిపాటి ఆల్కహాలులో కరిగించి తర్వాత నీళ్లలో కలపాలి.

మడికి మూడు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి. నులిపురుగులు గంధం నారుకు పెద్ద శత్రువులు, అందుకని వేపపిండి బాగా కలిపాం. పైన పలచగా ఎండుగడ్డి పరిచాం. ఎలుకలకు ఈ గింజలంటే మహా ఇష్టం, లోపలి పప్పులో నూనె ఉంటుంది. చుట్టూ, పైనా సన్నకన్ను ఇనుప జాలీ బిగించాం. మీదుగా సగం నీడనిచ్చే షేడ్‌నెట్.

జూన్

ఏమీ లేదు. తడి ఆరకుండా, బురద కాకుండా చూడటమే పని. నెల నుంచి రెండున్నర నెలల దాకా ఎప్పుడైనా మొలవవచ్చు, అదీ ఒకేసారి కాదు.

జూలై

మొలిచాయి! ఒక మూల నాలుగు, ఇంకో మూల రెండు, మధ్యలో ఖాళీ. వారం తిరిగేసరికి మడి సగం నిండింది. పిల్లలు బడి నుంచి రాగానే నేరుగా వెనక్కి పరుగెత్తుతున్నారు.

తర్వాత వరసగా ముసురు పట్టింది. కొన్ని మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. నారుకుళ్లు. గడ్డి తీసేసి గాలి ఆడనిచ్చాం, నీళ్లు ఆపేశాం, చివికిన ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి చల్లాం. మిగతావి నిలబడ్డాయి.

ఆగస్టు

నాలుగైదు ఆకులు వేసినవాటిని సంచుల్లోకి మార్చాం. రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. సంచి లోతుగా ఉండాలి, లేకపోతే వేరు అడుగున చుట్టుకుపోతుంది.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. శ్రీగంధం అర్ధ పరాన్నజీవి. ఆకులు పచ్చగానే ఉంటాయి, ఎండతో తన తిండి తానే వండుకుంటుంది. కానీ నీరు, నత్రజని వంటి పోషకాలు ఒంటరిగా తగినంత తెచ్చుకోలేదు. దాని వేర్లు పక్క మొక్క వేర్లను వెతికి పట్టుకుని, వాటికి అతుక్కుని లోపలికి దారి చేసుకుంటాయి. ఆ అతుకులను హాస్టోరియాలంటారు. 1871లో జాన్ స్కాట్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని మొదట గుర్తించాడు. ఇప్పటిదాకా మూడు వందలకు పైగా జాతుల మొక్కల మీద గంధం వేర్లు అతుక్కోవడం చూశారు. గడ్డి మొదలు మహావృక్షాల దాకా దానికి అన్నీ చుట్టాలే. పప్పుజాతి మొక్కలంటే మరింత మక్కువ, వాటి దగ్గర నత్రజని దండిగా ఉంటుంది కనుక.

అందుకే సంచిలోనే తోడు పెట్టాలి. సగం సంచుల్లో కంది గింజ వేశాం, సగంలో పొన్నగంటి కాడ గుచ్చాం. పొన్నగంటి మా అమ్మ పెరటి నుంచి వచ్చింది, కూరకు కోసిన కాడలే. కొన్ని సంచులు తోడు లేకుండా వదిలాం. పోలిక కళ్లతో చూడకపోతే పిల్లలు నమ్మరు. మాలో పెద్దవాళ్లకు కూడా చూడాలనే ఉంది.

అక్టోబరు

ఈ నెల రాయవలసింది చాలా ఉంది.

ఒక కంది సంచిని బలి ఇచ్చాం. సంచి కోసి, మట్టిగడ్డను బకెట్ నీళ్లలో సాయంత్రం దాకా నాననిచ్చి, వేలితో కూడా తాకకుండా మగ్గుతో సన్నగా నీళ్లు పోస్తూ మట్టి కరిగించాం. రెండు రకాల వేర్లు విడివిడిగా కనిపించసాగాయి. కంది వేరు లేత గోధుమరంగు, దాని మీద అక్కడక్కడ నత్రజని బుడిపెలు. గంధం వేరు ఇంకాస్త లేతది, మెత్తనిది. అది కంది వేరును దాటిపోయే చోట, రెండూ తాకే బిందువు దగ్గర తెల్లటి ముద్ద ఒకటి. భూతద్దం పెట్టి చూస్తే అది బోర్లించిన చిన్న గంటలా ఉంది. వెడల్పు అంచు కంది వేరును రెండు వైపుల నుంచీ పట్టుకుంది, సన్నని కొస గంధం వేరులో కలిసింది. మెల్లగా లాగితే ఊడలేదు, కంది వేరే తెగి దానితో వచ్చింది. వెతుకుతూ పోతే ఒకటి కాదు, వేరు పొడవునా ఉన్నాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని మెంతిగింజంత. ఒకచోట గంధం వేరు తన ఇంకో వేరుకే అతుక్కుని ఉంది. ఇదీ జరుగుతుందని చదివాను, చూడటం ఇదే మొదటిసారి.

పక్కింటి అబ్బాయి అడిగాడు: “అత్తా, కందికి నొప్పి కాదా?”

నొప్పి సంగతి తెలియదు గానీ నష్టం మాత్రం ఉంది. గంధం పక్కనున్న కంది కొంచెం నీరసంగానే ఉంది. అయినా చచ్చిపోలేదు. ఆతిథేయ మొక్క చస్తే గంధానికీ దిక్కులేదు కాబట్టి ఆ బేరం అక్కడికే ఆగుతుంది. అడవిలో ఒకే గంధం చెట్టు ఒకేసారి ఎన్నో రకాల వేర్ల మీద కొద్దికొద్దిగా ఆధారపడుతుంది, ఏ ఒక్కదాని మీదా భారం పడదు. అందుకే అడవిలో మిగతా మొక్కల్ని కొట్టేసి గంధాన్ని మాత్రం ఉంచితే దాన్ని కాపాడినట్టు కాదు. ఈ ముక్క నేను పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ బకెట్ ముందు కూర్చున్నప్పుడే పూర్తిగా తలకెక్కింది.

నవంబరు

తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కంది తోడున్నవి అన్నిటికంటే ఎత్తు, ఆకు ముదురు పచ్చ. పొన్నగంటివి కొంచెం పొట్టి, కానీ సమంగా, ఆరోగ్యంగా ఉన్నాయి. తోడు లేనివి బతికే ఉన్నాయి, కానీ ఆకు పసుపుబారి చిన్నదైపోయింది, కొత్త చిగురు లేదు. వాటికీ ఇప్పుడు పొన్నగంటి పెట్టేశాం. చూడవలసింది చూశాం, ఇక వాటిని మాడ్చడం ఎందుకు.

కంది సంచుల్లో చాకిరీ ఎక్కువ. పది రోజులకోసారి కత్తిరించకపోతే కంది ఎదిగి గంధాన్ని నీడలో కప్పేస్తుంది. పొన్నగంటి నేలబారుగా పాకుతుంది, కోసినది కూరకు పనికొస్తుంది. మళ్లీ చేస్తే సంచుల్లో పొన్నగంటే పెడతాను, కందిని పొలంలో గుంతల పక్కన వేస్తాను.

డిసెంబరు

తాత కంచెలోని చెట్లన్నీ ఒక్కొక్కటిగా పరిశీలించాం. వెతికింది స్పైక్ తెగులు కోసం. గంధానికి గొడ్డలి తర్వాత అంత భయంకరమైన శత్రువు ఇదే. 1899లో కొడగులో మొదట కనిపించింది. 1903 నుంచి 1916 మధ్య కొడగు, మైసూరు ప్రాంతాల్లో ఈ తెగులు వల్ల పది లక్షలకు పైగా చెట్లు తొలగించారు. మందు కనిపెట్టినవారికి పదివేల రూపాయల బహుమతి ఇస్తామని మైసూరు మహారాజా 1907లో ప్రకటించారు. ఆ మందు ఈనాటికీ దొరకలేదు. కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని మాత్రం తేలింది. రసం పీల్చే పురుగులు చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. ఆకులు చిన్నవై, బిరుసెక్కి నిక్కబొడుచుకుంటాయి, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది, పూత ఆగిపోతుంది. లక్షణాలు కనిపించిన రెండు మూడేళ్లలో చెట్టు ఎండిపోతుంది.

మా చెట్లలో ఆ జాడ లేదు. ఆకులు జంటలుగా, పలచగా, వేలాడుతూ ఉన్నాయి. కొన్నిటికి చిన్న పూలు కూడా. విచ్చినప్పుడు గడ్డి రంగు, రోజులు గడిచేకొద్దీ ఎర్రటి గోధుమ రంగుకు మారతాయి. పూలకు వాసన లేదు, ఆకుకూ బెరడుకూ లేదు. పరిమళమంతా లోపలి చేవలోనే, అదీ చెట్టుకు పదేళ్లు నిండాకే మొదలు.

జనవరి

మల్లేశ్వరం పద్దెనిమిదో క్రాస్‌లో కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ ఉంది. గంధం మీద దేశంలో ఎక్కువ పరిశోధన జరిగింది అక్కడే. గంధం సాగు మీద శిక్షణలు కూడా ఇస్తారు. ఆసక్తి ఉన్నవారు ముందు ఆ గుమ్మం తొక్కడం మంచిది.

ఎందుకు చెబుతున్నానంటే, మా పని గురించి విన్నవారు మొదట అడిగే ప్రశ్న “ఎకరాకు ఎన్ని కోట్లు వస్తాయి?” అనే. ప్రకటనలు అలా ఊదరగొడుతున్నాయి. గంధం సాగు మంచిదే. తోటల్లో కలప దొరికితే అడవి మీద ఒత్తిడి తగ్గవచ్చు. ఆస్ట్రేలియాలో మన గంధాన్నే వేల ఎకరాల్లో పెంచుతున్నారు. కానీ తోటల్లో లక్షల మొక్కలు ఉన్నాయి కాబట్టి జాతికి ఢోకా లేదనడం తప్పు. వరసగా నాటి, నీళ్లు పెట్టి, కొన్నేళ్లకు నరికే తోట వేరు. కోయిలలు, పిగిలిపిట్టలు పండు తిని గింజ జారవిడిచిన చోట, పొదలో మేకల నోటికి అందకుండా పెరిగే చెట్టు వేరు. ఎర్ర జాబితా ఆందోళన రెండోదాని గురించి. ఆ పొదలు పోతున్నాయి, కార్చిచ్చు వస్తోంది, లాంటానా అనే కలుపు పొద కమ్ముకుంటోంది.

ఈ ఊరికి గంధంతో ఉన్న బంధం చాలామంది తెలుగువారికి సబ్బు దగ్గరే ఆగిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపాకు గంధపు చెక్కల ఎగుమతి నిలిచిపోయి దుంగలు పేరుకుపోతే, 1916లో మైసూరు సంస్థానం సొంతంగా నూనె తీయడం మొదలుపెట్టింది. 1918లో బెంగళూరులో సబ్బుల ఫ్యాక్టరీ వచ్చింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకుల ఊరు మన గిద్దలూరు దగ్గరి మోక్షగుండమే. ఆ దుంగలన్నీ వచ్చిన అడవుల పక్కనే మనం ఇళ్లు కట్టుకుని ఉంటున్నాం.

మే

గుంతలు తీశాం, మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు. గట్టు ఎత్తుగా ఉంది కాబట్టి నీరు నిలవదు. గంధం ఎండనైనా తట్టుకుంటుంది గానీ వేర్ల దగ్గర నిలిచిన నీటిని భరించలేదు.

తోడు మొక్కల్ని ముందే కుదురుకోనివ్వాలి. గట్టు మీద కానుగలు ఇదివరకే ఉన్నాయి, వాటి వేర్లు చాలా దూరం పాకి ఉంటాయి. ఖాళీలున్న చోట సరుగుడు, అవిసె పెట్టాం. గుంత అంచున కంది గింజలు. తాత పాత కంచె కొట్టేసి ముళ్లతీగ వేయించాలనుకున్నారు, వాళ్లబ్బాయి అప్పటికే ధర కూడా కనుక్కొని వచ్చాడు. బయటి వైపు తీగ వేసుకోండి, లోపలి పొదను మాత్రం ఉంచండి అని బతిమాలాం. పిట్టలు వాలేది ఆ పొద మీదే. ఆయన ఒప్పుకున్నారు. ఈ ఏడాది మొత్తంలో ఇంతకంటే పెద్ద పని చేశామని నాకు అనిపించడం లేదు.

జూన్, మూడో వారం

వాన పడింది, నాటేశాం. సంచిలోని పొన్నగంటితో సహా, మట్టిగడ్డ చెదరకుండా. గడ్డ విరిగితే ఆ అతుకులన్నీ తెగిపోతాయి, మొక్క మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ప్రతి మొక్క కానుగకో సరుగుడుకో నాలుగైదు అడుగుల లోపు ఉండేలా చూశాం. పడమటి ఎండ తగలకుండా తాటాకు అడ్డు.

సెప్టెంబరు

ఎక్కువ మొక్కలు నిలిచాయి. పోయినవి గట్టు పల్లంలో ఉన్నవి, జూలై వానకు అక్కడ నీరు నిలిచింది. ఆ చోట మళ్లీ గంధం పెట్టం, అవిసె వేస్తాం.

కానుగ దగ్గరివి కొత్త చిగురు వేశాయి. కంది పక్కన ఉన్నవి ఇంకా ముందున్నాయి. కందికి ఆయుష్షు తక్కువ కాబట్టి ఏడాది, రెండేళ్లలో ఆ వేర్లు కానుగనూ సరుగుడునూ పట్టుకోవాలి. అసలు పరీక్ష అప్పుడే.

దొంగతనం భయం ఇప్పుడు లేదు, చేవ లేని మొక్కను ఎవరూ ముట్టరు. పెద్ద చెట్ల సంగతి వేరు. బెంగళూరు నడిబొడ్డున పార్కుల్లో, కాపలా ఉన్న ప్రాంగణాల్లో కూడా గంధం చెట్లు రాత్రికి రాత్రి మాయమైన వార్తలు చదువుతూనే ఉన్నాం. కంచెలోని పెద్ద చెట్ల వివరాలు పహణీలో, అంటే భూమి రికార్డులో, రాయించడానికి తాత కొడుకు కాగితాలు సిద్ధం చేస్తున్నారు.

ఈ నెల పనులు: రెండో కాపు పండ్లు రాలుతున్నాయి, ఎలుకలకంటే ముందు ఏరాలి. అన్నీ కాదు, సగం పిట్టలకు వదలాలి. కంచె లోపల తమంతట తాము మొలిచిన గంధం పిల్లమొక్కల్ని వెతికి పక్కన రంగు గుడ్డ కట్టిన పుల్ల గుచ్చాలి, కలుపు తీసే కూలీలు పొరపాటున పీకెయ్యకుండా. కందిని మోకాలి ఎత్తుకు కత్తిరించాలి. మేకల కోసం దక్షిణపు మూల తీగ ఇంకో వరస బిగించాలి.